పాటకు పట్టం, సాధనకు వెలి: బెంగాల్ బావుల్‌ల సామాజిక చరిత్ర

1890 అక్టోబరు 17న, నేటి బంగ్లాదేశ్‌లోని కుష్టియా పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఛేఉరియా గ్రామంలో బావుల్ గురువు లాలన్ ఫకీర్ కన్నుమూశారు. కులమతాలను కాదని, శరీరాన్నే సాధనకు క్షేత్రంగా చేసుకుని, పాటల్లో బోధించే బెంగాల్ సాధకులే బావుల్‌లు. నెల తిరగకముందే 'హితకరి' అనే స్థానిక పత్రిక ఆయనను స్మరిస్తూ ఒక వ్యాసం వేసింది. ఆయన వయసు 116 ఏళ్లనీ, శిష్యులు పదివేల మంది ఉంటారనీ జనం చెప్పుకునే మాటలు అందులో ఉన్నాయి. ఆయన హిందువో ముసల్మానో శిష్యులు కూడా తేల్చి చెప్పలేకపోయారని, ఏ మతం ఆచారం ప్రకారమూ తనకు అంత్యక్రియలు జరపవద్దని ఆయన ముందే చెప్పి ఉండటంతో ముల్లా గానీ పురోహితుడు గానీ అవసరపడలేదని కూడా ఉంది. ఆయన ఉన్న అఖాడాలోనే (సాధకుల ఆశ్రమంలోనే), ఒక గదిలో ఆయనను సమాధి చేశారు. పల్లెటూరి గురువు ఒకరి మరణం పత్రికకెక్కడమే ఆ రోజుల్లో అరుదు. ఆ వ్యాసం చూపిన మర్యాద ఇంకా అరుదు, ఎందుకంటే అదే కాలంలో కలకత్తా విద్యావంతులు బావుల్‌ల గురించి రాసిన రాతల్లో ఎక్కువగా కనిపించేది ఏవగింపే.

ఆ తర్వాత నూటపాతికేళ్లలో బావుల్ పాటకు దక్కని గౌరవం లేదు. బంగ్లాదేశ్ జాతీయ గీతం బాణీ బావుల్ పాట నుంచి వచ్చింది. 2005లో యునెస్కో బావుల్ గీతాలను మానవాళి మౌఖిక వారసత్వపు మహత్కృతుల్లో ఒకటిగా ప్రకటించింది. రవీంద్రనాథ్ ఠాగూర్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగాల్లో బావుల్‌ల మాట వినిపించింది. అయినా 2011 ఏప్రిల్‌లో, లాలన్ సమాధికి ఎంతో దూరం లేని రాజ్‌బాడీ జిల్లా పాంశాలో, సాధుసంగం, అంటే సాధకుల కూడిక, జరుపుకుంటున్న 28 మంది బావుల్‌లను పట్టుకుని వారి జుట్టు, గడ్డాలు, మీసాలు బలవంతంగా కత్తిరించారు. పాట ఇంత గౌరవం పొందిన నేల మీదే ఆ పాట పాడే మనిషికి రక్షణ లేకపోవడానికి కారణం బావుల్ మతపు సామాజిక చరిత్రలోనే ఉంది. గౌరవమంతా సాధన నుంచి విడదీసిన పాటకు దక్కింది. ఏ సాధన కోసం ఆ పాట పుట్టిందో దాన్ని మెచ్చుకున్నవారూ ఒప్పుకోలేదు, ద్వేషించినవారూ సహించలేదు.

బావుల్ అనగానే నేడు కళ్లముందు కదిలేది కాషాయపు అంగరఖా తొడుక్కుని, ఒక చేత ఏకతార, నడుముకు డుగ్గీ అనే చిన్న డోలు, కాళ్లకు గజ్జెలతో ఊరూరా తిరిగే ఒంటరి గాయకుడు. ఈ చిత్రం పూర్తిగా అబద్ధం కాదు. పశ్చిమాన బీర్భూమ్, బాంకురా, బర్ధమాన్ జిల్లాల్లో వైష్ణవ వేషంలో మధూకరం ఎత్తుకుని బతికే బావుల్‌లు ఎప్పటి నుంచో ఉన్నారు. అయితే నదియా, కుష్టియా, ముర్షిదాబాద్, జెస్సోర్ ప్రాంతాల్లో ఈ మార్గాన్ని నిలబెట్టినవారిలో ఎక్కువమంది ఇల్లూ వృత్తీ ఉన్నవారే. రైతులు, కౌలుదారులు, నేతగాళ్లు, జాలరులు, చిన్న వ్యాపారులు పగలంతా తమ పని చేసుకుని రాత్రిపూట గురువు దగ్గర చేరేవారు. వారిలో చాలామందికి పాడటం రాదు. వారు కాషాయం కట్టరు, ముస్లిం కుటుంబాల నుంచి వచ్చినవారు తెల్లబట్టలే కడతారు, తమను ఫకీర్లనే చెప్పుకుంటారు. బావుల్ మతాన్ని సంచార గాయకుల సంప్రదాయంగా మాత్రమే చూస్తే ఈ గృహస్థుల లోకం మొత్తం కంటికి ఆనదు.

ఈ మార్గం మూలాలు ఒకచోట లేవు. శరీరమే సత్యానికి క్షేత్రమన్న సహజయాన బౌద్ధుల ఆలోచన వారి పాత పాటలైన చర్యాపదాల్లో ఉంది. హరప్రసాద శాస్త్రి ఆ పదాల తాళపత్ర ప్రతిని 1907లో నేపాల్ రాజగ్రంథాలయంలో కనుగొని 1916లో ప్రచురించారు. నాథయోగుల శ్వాస సాధన, వైష్ణవ సహజియాల ప్రేమ సాధన, షరియత్ కట్టుబాట్లను లెక్కచేయని సూఫీ ఫకీర్ల మార్గం కూడా ఇందులో కలిశాయి. వీటిలో ఏది ఎంత అన్న చర్చ పండితుల్లో చాలాకాలం సాగింది. దానిలో మతాభిమానాలు దొర్లిన మాట కూడా నిజమే. కొందరు సూఫీ పాలు పెంచి చూపారు, కొందరు వైష్ణవ పాలు పెంచారు. సాధకులకు మాత్రం ఆ లెక్క అక్కర్లేకపోయింది. ఒకే పాటలో కృష్ణుడూ, మహమ్మద్ ప్రవక్తా, గౌరాంగుడూ (చైతన్యుడు), నాడీచక్రాలూ పక్కపక్కనే కూర్చుంటాయి.

ఈ చరిత్రకు గోదావరి ఒడ్డుతోనూ ఒక ముడి ఉంది. బెంగాల్ వైష్ణవ భక్తి ఉద్యమ గురువు చైతన్యుడు (1486–1533) దక్షిణ యాత్రలో రామానంద రాయలను కలుసుకున్నది అక్కడే. రామానందుడు గజపతి ప్రతాపరుద్రుడి తరఫున రాజమహేంద్రవరం ప్రాంతాన్ని ఏలుతున్న అధికారి. కృష్ణదాస కవిరాజు చైతన్య చరితామృతం ప్రకారం వారిద్దరి సంభాషణ వర్ణాశ్రమ ధర్మం దగ్గర మొదలై, మెట్టు మెట్టుగా రాధాప్రేమ దాకా ఎక్కుతుంది. చివరికి రామానందుడు తాను కట్టిన పదమొకటి పాడతాడు. అతడు పురుషుడూ కాదు, నేను స్త్రీనీ కాదు, మా ఇద్దరి మనసులనూ ప్రేమ నూరి ఒకటి చేసిందన్నది దాని సారం. ఆ మాట వినగానే చైతన్యుడు చేత్తో రామానందుడి నోరు మూస్తాడు. ఆ కథను వైష్ణవ ఆచార్యులు తాత్వికంగా వ్యాఖ్యానించుకున్నారు. సహజియాలు మాత్రం రామానందుణ్ణి తమ రహస్య సాధన పరంపరలో చేర్చుకున్నారు. బావుల్ పాటల్లో గురువు మినహా ఎవరికీ చెప్పరాదన్న హెచ్చరిక పదే పదే వస్తుంది. ఆ రహస్యపు పట్టింపు వారికి సహజియాల నుంచి వారసత్వంగా వచ్చింది.

చైతన్యుడి ఉద్యమం కులాల హద్దులు చెరిపి అందరినీ కీర్తనలోకి పిలిచింది. ఆయన తర్వాత బృందావన గోస్వాములు సంస్కృతంలో శాస్త్రం రాసి ఆ ఉద్యమానికి చట్రం బిగించాక, బెంగాల్ పల్లెల్లో గురుపీఠాలు చాలావరకు బ్రాహ్మణ గోసాయిల కుటుంబాలకు చేరాయి. కింది కులాల నుంచి వైష్ణవంలోకి వచ్చినవారు 'జాత్ వైష్ణవులు' అనే మరో కింది కులంగా మిగిలిపోయారు. చైతన్యుడి సహచరుడు నిత్యానందుడి కొడుకు వీరభద్రుడు ఖడ్‌దహలో 1,200 మంది గుండ్లు చేయించుకున్న బౌద్ధ సన్యాసులనూ 1,300 మంది సన్యాసినులనూ వైష్ణవంలో చేర్చుకున్నాడన్న ఐతిహ్యం బెంగాల్‌లో బాగా ప్రచారంలో ఉంది. అంకెల మాట ఎలా ఉన్నా, దిక్కులేని బౌద్ధ శేషాలు వైష్ణవపు అంచుల్లో చేరాయన్న జ్ఞాపకం అందులో ఉంది. ముస్లిం వైపు కూడా పరిస్థితి ఇలాంటిదే. అష్రాఫ్, అంటే పైవర్గపు ముస్లిం, కుటుంబాల దృష్టిలో జోలా నేతగాళ్లూ, రైతులూ సగం ముస్లింలే. ఈ రెండు సమాజాల్లోనూ మెట్టు దిగువన ఉన్నవారు ఒకరినొకరు కలుసుకోగలిగిన చోటు అఖాడా అయింది. కులం, మతం అక్కర్లేదన్న మాట వారికి తాత్విక విలాసం కాదు. ఆ రెంటి వల్లా రోజూ నష్టపోతున్న మనుషుల మాట అది.

పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో నదియా చుట్టూ ఇలాంటి చిన్న మతాలు ఎన్ని పుట్టాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఘోష్‌పాడాలో కర్తాభజాలు, మెహర్‌పూర్‌లో బలరామ్ హాడీ స్థాపించిన బలాహాడీలు, హిందూ ముస్లిం శిష్యులు కలిసి ఉన్న సాహెబ్‌ధనీలు అందులో కొందరు మాత్రమే. బలరామ్ హాడీ పుట్టిన హాడీ కులాన్ని అంటరానిదిగా చూసేవారు. కర్తాభజాల ఆచారం ఒకటి ఆ కాలాన్ని బాగా పట్టిస్తుంది. ప్రతి మనిషి ఆత్మా ఒక దేహంలో కాపురం ఉంటోంది కాబట్టి, ఆ దేహానికి యజమాని అయిన 'కర్త'కు ఏటా శిస్తు కట్టాలన్నది వారి నియమం. దాన్ని వారు ఖాజనా అనే పిలిచారు. 1793లో కంపెనీ ప్రభుత్వం భూమి శిస్తుపై తెచ్చిన శాశ్వత పరిష్కారం తర్వాత జమీందారుకు శిస్తు కట్టలేక సతమతమైన రైతు, తన శరీరాన్ని కూడా కౌలుకు తీసుకున్న భూమిగా ఊహించుకున్నాడు. లాలన్ పాటల్లోనూ పట్టాలు, భూమి కొలిచే అమీన్లు, వేలాలు, బాకీలు కనిపిస్తాయి. పైకి వైరాగ్యంలా వినిపించే ఆ పద్యాలకు జమీందారు కచేరీ గుమ్మం దగ్గర నిలబడ్డ రైతు అనుభవమే ముడిసరుకు.

కుష్టియా పక్కనే ఉన్న కుమార్‌ఖాలీ నేతకు పేరుపడ్డ ఊరు. మిల్లు బట్ట వచ్చి మగ్గాలను దెబ్బతీసింది. చుట్టుపక్కల నీలిమందు తోటల దొరలు రైతులను పీడించారు, 1859–60లో నదియా రైతులు వారిపై తిరగబడ్డారు. ఛేఉరియాలో లాలన్‌కు చోటిచ్చినదీ, ఆయన శిష్యుల్లో పెద్ద భాగమూ జోలా నేతగాళ్లే. ఆయన సమకాలికుడు హరినాథ్ మజుందార్ కుమార్‌ఖాలీ నుంచి 'గ్రామవార్తా ప్రకాశిక' నడుపుతూ జమీందార్ల, దొరల అన్యాయాలను బయటపెట్టేవారు. జనం ఆయనను కాంగాళ్ హరినాథ్ అని, అంటే పేద హరినాథుడని పిలుచుకున్నారు. జమీందారు పంపిన లాఠీమనుషులు ఆయన మీదికి వచ్చినప్పుడు లాలన్ తన శిష్యులతో అడ్డుపడ్డారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. లోకాన్ని పట్టించుకోని వైరాగిగా బావుల్‌ను చిత్రించేవారు ఈ జ్ఞాపకాన్ని కాస్త ఆగి చూడాలి.

ఈ మతానికి కేంద్రం దేవుడు కాదు, శరీరం. బ్రహ్మాండంలో ఉన్నదంతా ఈ దేహభాండంలో ఉందన్నది మూలసూత్రం. ప్రాణం ఉన్న మనిషిలోనే 'మనేర్ మానుష్', మనసులోని మనిషి, ఉన్నాడు కాబట్టి విగ్రహంలోనో మక్కాలోనో కాశీలోనో వెతకడం దండగ. ఎవరో చెప్పగా నమ్మేదాన్ని వారు అనుమానమనీ, తన దేహంలో తాను తెలుసుకునేదాన్ని వర్తమానమనీ విడదీస్తారు. వేదమూ ఖురానూ మొదటి కోవలోకి వెళ్తాయి. తెలుగునాట ఏకతార మీటుతూ తత్వాలు పాడే బైరాగులను విన్నవారికి, వీరబ్రహ్మం శిష్యుడు దూదేకుల సిద్దయ్య గురించి తెలిసినవారికి ఈ మాటల్లో కొంత పరిచయం తోస్తుంది. అయితే బావుల్ సాధన ఒక చోట స్పష్టంగా వేరుపడుతుంది. అది ఒంటరి యోగం కాదు, స్త్రీ పురుషులు జంటగా చేసే సాధన. స్త్రీ ఋతుకాలపు మూడు రోజుల్లో మనసులోని మనిషి దేహంలోకి దిగివస్తాడనీ, ఆ సమయంలో వీర్యాన్ని జారనివ్వకుండా సాధన చేస్తే అతణ్ణి పట్టుకోవచ్చనీ వారి నమ్మకం. మల మూత్ర రజో వీర్యాలను అసహ్యం లేకుండా స్వీకరించే 'చారి చంద్ర' సాధన కూడా అందులో ఉంది. జారిపోనివ్వకూడదన్న నియమం వల్ల దీక్ష పూర్తయిన జంట పిల్లలను కనరు. లాలన్‌కూ సంతానం లేదు.

ఈ విషయాలు బయటివారికి రోత పుట్టించాయి. కానీ వాటికి ఒక సామాజిక తర్కం ఉంది. కులవ్యవస్థ నిలబడ్డదే మైల, మడి అనే పునాది మీద. ముట్టును అన్నిటికంటే పెద్ద మైలగా చూసే సమాజంలో, ఆ రోజులే పరమ పవిత్రమని చెప్పడం ఆ పునాదిని కింది నుంచి తవ్వడమే. పిల్లలు లేకపోతే వంశం లేదు, వంశం లేకపోతే కులం కొనసాగదు, ఆస్తి పంచుకునే గొడవా ఉండదు. కులం వద్దని పాట రూపంలో అన్నవారు భారతదేశంలో చాలామంది ఉన్నారు. అది ఏ పద్ధతిలో పుట్టి పెరుగుతుందో ఆ పద్ధతినే శరీరంలో ఆపేయాలని చూసినవారు తక్కువ. బావుల్ మతంలోని అసలైన సాహసం ఇక్కడే ఉంది, పాటల సంకలనాలు సాధారణంగా దాటేసేదీ దీన్నే.

లాలన్ పరంపరలో చివరి దీక్షను ఖిలాఫత్ అంటారు. దీక్ష తీసుకునే జంటకు శవానికి చుట్టే కఫన్ లాంటి తెల్లబట్ట కట్టి, కళ్లకు గంతలు కట్టి గురుస్థానం చుట్టూ తిప్పుతారు. అప్పటి నుంచి వారు బతికి ఉండగానే చనిపోయినవారితో సమానం, 'జ్యాంతే మరా'. లోకం దృష్టిలో చచ్చినవాడికి కులం ఉండదు, పరువు ఉండదు. ఛేఉరియాలో దోల్ (హోలీ) పూర్ణిమకు జరిగే సాధుసంగంలో రాత్రి అధివాస్ సేవ, ఉదయం బాల్య సేవ, మధ్యాహ్నం పూర్ణ సేవ అని భోజనాలకూ క్రమం ఉంది. బారులు తీరి కూర్చున్న అందరి ముందూ వడ్డన పూర్తయ్యేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. ఒకరి పళ్లెం వైపు ఒకరు తలవంచి నమస్కరించుకుంటారు. పంక్తిభోజనంలోనే కులం అన్నిటికంటే గట్టిగా పనిచేసే సమాజంలో, ఏ కులం వండిందో అడగని పంక్తి అది. శాస్త్రాలను ఖండించే ఏ పాట కన్నా ఆ పంక్తి తక్కువ తిరుగుబాటు కాదు.

స్త్రీల సంగతి ఇంత సూటిగా చెప్పలేం. సున్తీ వల్ల మగవాడు ముస్లిం అయితే ఆడదాన్ని ఏమనాలి, జంధ్యం వల్ల బ్రాహ్మణుడైతే బ్రాహ్మణిని దేనివల్ల గుర్తుపట్టాలి అని లాలన్ ఒక పాటలో నిలదీశారు. సిద్ధాంతం ప్రకారం స్త్రీయే గురువు, ఆమె లేకుండా సాధన లేదు. ఆచరణలో మాత్రం పరంపరలు మగ గురువుల పేర్లతో నడిచాయి, పాటలు ఎక్కువగా మగవారి గొంతుతో మగ సాధకుణ్ణే ఉద్దేశించి ఉన్నాయి, స్త్రీకి 'సాధన సంగిని' అన్న స్థానం దక్కింది. ఒక సంగినిని విడిచి మరొకరిని చేరదీసిన గురువుల కథలు పల్లెల్లో తక్కువేమీ కాదు. పిల్లలు లేని, పుట్టింటికి తిరిగి వెళ్లలేని స్త్రీ అప్పుడు ఎవరి దిక్కూ లేనిదవుతుంది. మరోవైపు వైధవ్యం నుంచో, భర్త విడిచిపెట్టిన బతుకు నుంచో బయటపడటానికి ఈ మార్గమే తలుపు తీసిన సందర్భాలూ ఉన్నాయి. రెండూ నిజాలే.

బయటి లోకం దాడి రెండు దిక్కుల నుంచీ వచ్చింది. అక్షయ్ కుమార్ దత్త 1870లో వెలువరించిన భారతీయ ఉపాసక సంప్రదాయాల గ్రంథంలో బావుల్‌ల ఆచారాలను జుగుప్సతో వర్ణించారు. జోగేంద్రనాథ్ భట్టాచార్య 1896లో హిందూ కులాల గురించి రాస్తూ ఇంకా కటువుగా రాశారు. కొత్త ఇంగ్లీషు చదువుతో, విక్టోరియా కాలపు నీతితో హిందూమతాన్ని శుభ్రం చేసుకుంటున్న భద్రలోకానికి (చదువుకున్న పైవర్గపు బెంగాలీలకు) ఈ కిందివర్గాల మతాలు సిగ్గు కలిగించాయి. ముస్లింల వైపు హాజీ షరియతుల్లా ఫరాయిజీ ఉద్యమం, తీతూ మీర్ ఉద్యమం వంటివి గ్రామీణ ఇస్లాంను సంస్కరించడానికి పూనుకున్నాయి. జమీందార్లకు ఎదురొడ్డి రైతు పక్షాన నిలిచిన ఆ ఉద్యమాలే ఫకీర్లను మాత్రం దారితప్పినవారిగా చూశాయి. ఆ ధోరణి ముదిరి ఇరవయ్యో శతాబ్దంలో 'బావుల్ ధ్వంస ఫత్వా' అనే పుస్తకంగా అచ్చయింది. రంగ్‌పూర్‌కు చెందిన మౌలానా రియాజుద్దీన్ అహ్మద్ రాసిన ఆ పుస్తకం బావుల్‌లను లక్షల్లో లెక్కగట్టి, వారిని సమాజం నుంచి తుడిచిపెట్టాలని పిలుపునిచ్చింది.

ఇదే కాలంలో పాటకు మరో ప్రయాణం మొదలైంది. 1880లో కాంగాళ్ హరినాథ్, ఆయన యువ మిత్రులు 'ఫికిర్‌చాంద్' అన్న పేరుతో బావుల్ బాణీలో పాటలు కట్టి జట్టుగా పాడటం మొదలుపెట్టారు. వారు సాధకులు కారు, చదువుకున్న యువకులు. సాధన అక్కర్లేకుండా బావుల్ పాట రాయవచ్చన్నది అక్కడే తేలిపోయింది. లాలన్ అఖాడా ఉన్న ప్రాంతం ఠాగూర్ల జమీందారీకి చెందింది. 1889లో పద్మానదిపై పడవలో జ్యోతిరింద్రనాథ్ ఠాగూర్ గీసిన పెన్సిల్ చిత్రమే లాలన్ బతికుండగా వేసినదిగా మనకు మిగిలిన ఒకే ఒక రూపం. వంగిన నడుముతో కుర్చీలో కూర్చున్న ముసలి మనిషి అందులో ఉన్నారు.

రవీంద్రనాథ్ జమీందారీ పనుల మీద శిలాయిదహకు వచ్చి అక్కడి ఫకీర్ల, వైష్ణవుల పాటలు విన్నారు. అక్కడ ఉత్తరాలు పంచే గగన్ హర్‌కరా పాడిన, మనసులోని మనిషిని వెతికే పాట బాణీని 1905 వంగ విభజన వ్యతిరేకోద్యమంలో 'అమార్ సోనార్ బాంగ్లా'కు వాడుకున్నారు. తర్వాత బంగ్లాదేశ్ జాతీయ గీతం అయింది ఆ పాటే. 1905లోనే వెలువడిన ఆయన స్వదేశీ గీతాల పుస్తకం పేరే 'బావుల్'. 1915–16లో 'ప్రవాసి' పత్రికలో లాలన్ పాటలు 20 ప్రచురించారు. 1930లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన హిబ్బర్ట్ ప్రసంగాల్లో మానవుడిలోని దైవానికి సాక్ష్యంగా బావుల్‌లను నిలబెట్టారు. ఆయన చేసిన మేలు చిన్నది కాదు. చదువుకున్న బెంగాలీ ఈసడించిన మనుషులను ప్రపంచం వినేలా చేశారు. కానీ ఆయన వేదికకెక్కించిన బావుల్‌కు దేహం లేదు. గురువు లేడు, సంగిని లేదు, రజోవీర్యాల ఊసు లేదు. గుడినీ మసీదునీ వదిలి హృదయంలో దేవుణ్ణి వెతికే స్వేచ్ఛాజీవి మిగిలాడు, ఆ మనిషి బ్రహ్మసమాజపు ఆదర్శానికి చాలా దగ్గరగా ఉన్నాడు. ఠాగూర్ సహచరుడు క్షితిమోహన్ సేన్ సేకరించిన పాటలు ఈ చిత్రాన్ని బలపరిచాయి. 1957లో ఉపేంద్రనాథ్ భట్టాచార్య వందల పాటలతో తెచ్చిన పెద్ద గ్రంథంలో సాధనను దాచకుండా వివరిస్తూ, క్షితిమోహన్ పాటల ప్రామాణికతపై సందేహం వెలిబుచ్చారు. లాలన్ శిష్యులకు ఠాగూర్ మీద మరో ఫిర్యాదు కూడా ఉండేది. అఖాడాలోని పాటల పుస్తకాలు ఆయన దగ్గరికి వెళ్లి తిరిగి రాలేదని వారు చెప్పుకునేవారు. అలాంటి చేతిరాత పుస్తకాలు శాంతినికేతన్ రవీంద్రభవన్‌లో భద్రంగా ఉన్నాయి.

1947 విభజన నదియా జిల్లాను రెండుగా కోసింది. కుష్టియా తూర్పు పాకిస్తాన్‌కు వెళ్లింది. హిందువో ముసల్మానో తెలియనివ్వని మనిషికి ఇప్పుడు పుట్టుమతం నిర్ణయించాల్సి వచ్చింది. హిందూ కాయస్థ కుటుంబంలో పుట్టి, తీర్థయాత్రలో మశూచి సోకితే తోటివారు వదిలేయగా ముస్లిం నేతగాడి ఇంట బతికి బయటపడ్డారన్నది పాత కథ. జెస్సోర్ వైపు హరీశ్‌పూర్‌లో ముస్లిం కుటుంబంలోనే పుట్టారన్నది పాకిస్తాన్ కాలంలో బలం పుంజుకున్న వాదం. 1963లో సమాధిపై ముస్లిం దర్గాల తరహాలో గుమ్మటం లేచింది, ప్రభుత్వ సంస్థ అక్కడ అడుగుపెట్టింది. సమాధి ఎవరిది, ఉత్సవం ఎవరు జరపాలి, అక్కడ మీలాద్ (ప్రవక్త స్తుతి) చదవాలా, లాలన్ పాటలు పాడాలా అన్న వివాదాల్లో ఫకీర్లు తమ గురుస్థానంలోనే అతిథులైపోయారు. జాతి అంటే ఏమిటో నవ్వుతూ అడిగిన మనిషి సమాధి మీద రెండు జాతీయతలు హక్కు చెప్పుకున్నాయి.

బంగ్లాదేశ్ విముక్తి తర్వాత లాలన్ లౌకిక బెంగాలీ సంస్కృతికి ప్రతీక అయ్యారు. ఆ ప్రతీక ఎంత బరువు మోయాల్సి వచ్చిందో 2008లో కనబడింది. ఢాకా అంతర్జాతీయ విమానాశ్రయం ఎదుట నెలకొల్పుతున్న బావుల్ శిల్పాలను మతసంస్థల ఆందోళనకు తలొగ్గి తొలగించారు. రాజధాని విద్యార్థులు, కళాకారులు వీధుల్లోకి వచ్చి నిరసించారు. ఆ నిరసన మెచ్చదగినదే. పాంశాలో జుట్టు కత్తిరించిన ఘటన మీద కూడా గొంతులు లేచాయి, కానీ శిల్పానికి లేచినంత పెద్దగా కాదు. ఆ జుట్టూ గడ్డమూ సాధకుడికి అలంకారాలు కావు, దేహంలోంచి ఏదీ వృథాగా పోనివ్వని దీక్షలో భాగం. దాన్ని కత్తిరించినవారికి తాము ఏం చేస్తున్నారో బాగా తెలుసు.

పశ్చిమ బెంగాల్ దారి వేరు. ఇక్కడ బావుల్‌ను లోకానికి పరిచయం చేసింది శాంతినికేతన్, ఆ పక్క పల్లెలు. బీర్భూమ్ సాధకుడు నవనీదాస్‌తో ఠాగూర్‌కు పరిచయం ఉంది. నవనీదాస్ కుమారుడు పూర్ణదాస్ అమెరికా దాకా వెళ్లి, 1967లో బాబ్ డిలన్ ఆల్బమ్ ముఖచిత్రం మీద సోదరుడు లక్ష్మణ్‌దాస్‌తో పాటు కనిపించారు. మన నాట భజనల్లో అష్టపదులుగా వినిపించే గీతగోవిందపు జయదేవుడి పేరిట, అజయ్ నది ఒడ్డున కెందులిలో సంక్రాంతికి జరిగే మేళాకు బావుల్‌లు ఎప్పటి నుంచో చేరేవారు. పెద్దచెట్ల కింద అఖాడాల్లో రాత్రంతా సాగిన ఆ ప్రశ్నోత్తరాల పాట ఇప్పుడు లౌడ్‌స్పీకర్ల పోటీలో నలుగుతోంది. రాష్ట్ర ప్రభుత్వం 2014లో మొదలుపెట్టిన లోకప్రసార్ ప్రకల్పం కింద జానపద కళాకారులకు నెలవారీ భత్యం, ప్రదర్శనకు పారితోషికం వస్తున్నాయి. పేద గాయకుడికి అది నిజమైన ఆసరా, దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. అయితే గుర్తింపు కార్డు పాడేవాడికే దొరుకుతుంది. పాడని సాధకుడికి అందులో చోటు లేదు. కాషాయం, తలపాగా, ఏకతార ఉంటేనే చూసేవారు బావుల్ అని నమ్ముతారు కాబట్టి, ఒకప్పుడు తెల్లబట్ట కట్టిన ఫకీర్ల పిల్లలు కూడా వేదిక కోసం కాషాయం వేసుకుంటున్నారు.

ముర్షిదాబాద్, నదియా జిల్లాల పల్లెల్లో ఫకీర్లపై దాడులను పరిశోధకుడు శక్తినాథ్ ఝా దశాబ్దాల పాటు నమోదు చేశారు. ఊరి పెద్దలు పంచాయతీ పెట్టి జరిమానా వేయడం, ఏకతారలు విరగ్గొట్టడం, జుట్టు కత్తిరించడం, పొలం పనికి పిలవకపోవడం, కొళాయి దగ్గర నీళ్లు పట్టుకోనివ్వకపోవడం, చనిపోతే శ్మశానంలో చోటివ్వకపోవడం ఆ నమోదుల్లో ఉన్నాయి. ఇవన్నీ ఠాగూర్ ప్రసంగాలకు యాభై ఏళ్ల తర్వాత, శాంతినికేతన్‌కు బస్సులో వెళ్లగలిగినంత దూరంలో జరిగినవే. బాధితులు, వారికి అండగా నిలిచినవారు కలిసి బావుల్ ఫకీర్ సంఘంగా ఏర్పడి, పోలీసులకు ఫిర్యాదులిస్తూ, కోర్టులకెక్కుతూ, ఊరూరా సమ్మేళనాలు పెట్టుకుంటూ వచ్చారు. ఆ సంఘం అడిగినవాటిలో ముఖ్యమైనవి వేదికలూ పురస్కారాలూ కావు. తమ ఊళ్లో తమ ఇంట్లో ఉండనివ్వాలని, కోతకొచ్చిన పంట కోసుకోనివ్వాలని, తమ గురువు చెప్పిన పద్ధతిలో తమవారిని పూడ్చుకోనివ్వాలని వారు అడిగారు.